కోతిపట్టు

ఆయనకు ముప్పై రెండేళ్లుగా ఒక అనుమానం ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేనిది, చెప్పుకుంటే పరువు పోయేది. దేవుణ్ణి తలుచుకుంటే భయం పోతుందని పెద్దలందరూ అన్నారు. ఆయన కూడా వారం వారం ప్రార్థనకు కూర్చున్నప్పుడు పదిమందికీ అదే చెబుతూ వచ్చాడు. మరి ఆ రోజు తను తలుచుకున్నప్పుడు భయం ఎందుకు పోలేదు? తలుచుకోవడంలో లోపమా, లేక వినేవాడు ఆ పూట వేరే పనిలో ఉన్నాడా?

ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. వీధిలో అందరికీ లిఫ్టాయన. ఊళ్లో సగం లిఫ్టులు ఎక్కించి దింపిన ఆ మనిషి ఉండేది మాత్రం లిఫ్టు లేని ఇంట్లో, మూడో అంతస్తులో. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతుంటే భార్య మంచినీళ్లిస్తూ, వైద్యుడి ఇంట్లోనే జలుబు వదలదంటారు, నిజమేనండీ అనేది. అరవై ఒకటి నిండినా పని మానలేదు. మానితే రోజంతా ఇంట్లోనే ఉంటారని భార్యే మాననివ్వలేదని కొందరంటారు.

ఆయన గురించి ఒక కథ ఉంది. ఇరవై తొమ్మిదేళ్ల వయసులో, ఒక సెలవు రోజున, పన్నెండంతస్తుల ఆఫీసు భవనంలో ఒంటరిగా లిఫ్టు చూడ్డానికి వెళ్లాడు. కరెంటు పోయి వచ్చిన కుదుపుకి లిఫ్టు ఏడో అంతస్తుకీ ఎనిమిదో అంతస్తుకీ మధ్య బిగుసుకుపోయింది. ఆ వెంటనే కరెంటు మళ్లీ పోయింది. రెండు గంటలు కటిక చీకటి. "కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకున్నాను. చేత్తో తీసేసినట్టు పోయింది భయం" అని ఆయన చెప్పేవాడు. సరిగ్గా 'చేత్తో తీసేసినట్టు' దగ్గరికి వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డుపడేది, ఒక గుక్క మంచినీళ్లు తాగేవాడు. వినేవాళ్లు అది భక్తి అనుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు. మింగలేక కక్కలేక ఆయన పడే అవస్థ అని ఎవరికి తెలుసు?

ఆ కథను అందరికన్నా ఎక్కువసార్లు విన్నది ఆయన కూతురి కూతురు. పదేళ్లది. కూతురు మందుల షాపులో పనిచేస్తుంది, అల్లుడు దూరపు బస్సు నడుపుతాడు, రెండు రోజులకోసారి ఇంటికొస్తాడు. కాబట్టి పిల్ల తాతయ్య, అమ్మమ్మల చేతిలోనే పెరిగింది. దానికి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు లాయరు. ఒక మాటంటే పది మాటలంటుంది. పాలు తాగమంటే ఎందుకని అడుగుతుంది, కారణం చెబితే సాక్ష్యం అడుగుతుంది, సాక్ష్యం చూపిస్తే వాయిదా కోరుతుంది.

అలాంటి పిల్లకు ఒకరోజు స్కూలు హాల్లో మాట ఆగిపోయింది. ఊళ్లో స్కూళ్లన్నిటికీ కలిపి జరగబోయే వాదన పోటీకి పిల్లల్ని ఎంపిక చేశారు, అందులో ఇది అందరికన్నా ముందు నిలిచింది. సాధన కోసం స్టేజీ ఎక్కిందో లేదో గుండె దడదడలాడింది, వేళ్ల చివర్లు జిల్లుమన్నాయి, ఊపిరి అందలేదు. తను చచ్చిపోతున్నానని అనుకుంది. పావుగంటలో అంతా సర్దుకుంది కానీ ఆ పావుగంటను అది మరిచిపోలేదు. మళ్లీ వస్తుందేమోనని భయపడింది. ఆ భయానికే మళ్లీ వచ్చింది. బస్సులో ఒకసారి, స్నానాల గదిలో ఒకసారి. హాలు గుమ్మం దగ్గరికి వెళ్లడం మానేసింది. పోటీ ఇంకా ఐదు వారాలుంది. అది జరిగేదీ ఆ హాల్లోనే. మూడు వారాల్లో పిల్ల స్టేజీ ఎక్కకపోతే ఇంకొకర్ని తీసుకోవాల్సి వస్తుందని టీచరమ్మ కబురు పంపింది.

డాక్టరు అన్ని పరీక్షలూ చేసి గుండె గట్టిగా ఉందన్నాడు. ఇది వట్టి భయపు పోటు, ప్రమాదం లేనప్పుడు కూడా ఒళ్లు ప్రమాదమని కేక వేస్తోంది, అంతే అన్నాడు. అది వచ్చినప్పుడు హడావుడి చేయకండి, పక్కన కూర్చోండి, ఊపిరి నెమ్మదిగా వదలమనండి, పెరిగి పెరిగి దానంతట అదే తగ్గుతుంది, భయమేసిన చోటికి మెల్లమెల్లగా మళ్లీ తీసుకెళ్లండి అని చెప్పాడు. కూతురు ఇవన్నీ మందుల కవరు మీద రాసుకొచ్చి ఫ్రిజ్‌కు అంటించింది.

అంటించిన కాగితాన్ని ఎవరు చదువుతారు? హడావుడి చేయవద్దన్న ఇంట్లో హడావుడికి ఇద్దరు పెద్దలున్నారు.

తాతయ్య తన విద్య చూపించాడు. ప్రతి లిఫ్టుకూ ఒక మరమ్మతు కార్డు ఉంటుంది. ఎప్పుడు ఆగింది, ఎక్కడ ఆగింది, ఏం చేశారు అని రాసి మేకుకు తగిలిస్తారు. ఆయన పిల్లకూ అలాంటి కార్డొకటి తయారుచేసి వంటింటి మేకుకు తగిలించాడు. పోటు వచ్చినప్పుడల్లా చెవి మీది పెన్సిలు తీసి ఏం తిన్నావు, ఎవరన్నా ఏమన్నా అన్నారా, ఎడమ చెయ్యా కుడి చెయ్యా అని ప్రశ్నలు. పిల్ల ఒకనాడు ఆ కార్డు చదివింది. 'లోపం: ఊపిరి. కారణం: దొరకలేదు. చేసిన మరమ్మతు: మంచినీళ్లు.' దాని కింద తన గుండ్రని అక్షరాలతో 'మెకానిక్: కొత్తవాడు' అని రాసి వెళ్లిపోయింది.

అమ్మమ్మ పద్ధతి వేరు. పిల్ల కాస్త తెల్లబోతే చాలు, పక్కన చేరి తల మీద చెయ్యి వేసి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టేది. ఆవిడ గొంతు వినగానే తాతయ్య వచ్చి కలిసేవాడు. షాపు నుంచి అప్పుడే వచ్చిన కూతురు సంచీ కింద పెట్టకుండానే గొంతు కలిపేది. మంచి మనసుతోనే చేశారు. కానీ ఏం జరిగిందంటే, ఆ ఇంట్లో అమ్మమ్మకు కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ మెల్లగా ప్రార్థన చేసుకోవడం పాత అలవాటు. ఇప్పుడా గొంతు వంటింట్లో లేస్తే చాలు, ముందుగదిలో లెక్కలు చేసుకుంటున్న పిల్ల పెన్సిలు ఆగిపోయేది. తనకు పోటు వస్తున్నట్టు అమ్మమ్మకు ముందే తెలిసిపోయిందేమో అనుకునేది. అనుకోగానే వచ్చేది. కంచే చేను మేసినట్టయింది.

పది రోజులు ఓర్చుకుని పిల్ల ఆ మాట చెప్పేసింది. అమ్మమ్మ చేతిలో కత్తి చేతిలోనే ఉండిపోయింది. నా ప్రార్థన ఏమన్నా అంబులెన్సు సైరనా అని ఒక పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. నలభై ఏళ్లలో అంత నిశ్శబ్దం ఆ ఇల్లు ఎరగదు. తాతయ్య రెండుసార్లు గడియారం ఆగిందేమోనని చూశాడు.

మర్నాడు శనివారం మధ్యాహ్నం అమ్మమ్మ మరిచిపోయి, చిక్కుళ్లు తుంచుతూ నోట్లో నోట్లో మొదలుపెట్టింది. సగంలో గుర్తొచ్చి నోరు మూసుకునేలోపే తలుపు తెరిచిన చప్పుడు. పిల్ల బయటికి పరుగెత్తి మెట్ల మలుపులో గోడకు ఆనుకుని కూలబడింది. తాతయ్య చెప్పులు కూడా లేకుండా వెంట వెళ్లాడు. అలవాటు కొద్దీ చెయ్యి చెవి మీది పెన్సిలు దాకా వెళ్లింది. పిల్ల ముఖం చూసి దించేశాడు.

"నువ్వు తలుచుకుంటే పోయింది కదా తాతయ్యా. నాకు పోవట్లేదు. నేను సరిగ్గా తలుచుకోవట్లేదా? దేవుడికి నేనంటే ఇష్టం లేదా?"

ముక్కకూ ముక్కకూ మధ్య ఊపిరి కోసం ఆగుతూ అంది. ముప్పై రెండేళ్లుగా గొంతులో అడ్డుపడుతున్నదేమిటో ఆయనకు అప్పుడు తెలిసింది. తను చెప్పింది చిన్న అబద్ధమే, దేవుడికి మంచి పేరు తెచ్చే అబద్ధమే. ఇప్పుడది వచ్చి తన మనవరాలి గుండెల మీద కూర్చుంది. ఇంకొకటి చెప్పి దాన్ని లేపవచ్చా అని ఒక్క క్షణం ఆలోచించాడు కూడా. మనిషి కదా.

"నాకూ పోలేదే తల్లీ" అన్నాడు.

పిల్ల తలెత్తింది. ఊపిరి ఇంకా ఎగుడుదిగుడుగానే ఉంది, కానీ లాయరుకు సాక్షి మాట మార్చాడని తెలిస్తే చెవులు నిక్కబొడుచుకోవూ?

ఆయన మలుపులో మూలకు పెట్టి ఉన్న పొడుగు చీపురు తీసుకుని, నెమ్మదిగా మెట్టు మీద ఈ చివర నుంచి ఆ చివరకు సాగదీసి ఊడ్చాడు. ఆగాడు. మళ్లీ ఊడ్చాడు. చీపురు సాగినంతసేపూ ఊపిరి వదులు, ఆగినప్పుడు తీసుకో, తొందరేం లేదు, మెట్లు చాలా ఉన్నాయి అన్నాడు. ఐదో మెట్టు దాకా పిల్ల చీపురుతో కలవలేకపోయింది. తొమ్మిదో మెట్టు దగ్గర కలిసింది. రెండో అంతస్తు దాకా ఊడ్చి ఆయన వెనక్కి చూసేసరికి పిల్ల కూడా ఒక్కో మెట్టూ జరుగుతూ వెనకే వస్తోంది. బుగ్గల మీద రంగు తిరిగింది. ఆ అంతస్తులో ఉండే ఆవిడ తలుపు తీసి, లిఫ్టాయనకు ఇంట్లో పని ఇంతగా పెరిగిందా అన్నట్టు చూసి మళ్లీ వేసుకుంది.

"ఇప్పుడు నిజం చెప్పు" అంది పిల్ల.

చెప్పాడు. లిఫ్టు ఆగిన రెండు నిమిషాల్లోనే ఆయనకు అచ్చం ఇలాగే అయింది. లిఫ్టు పడదని ప్రపంచంలో ఎవరికైనా తెలిస్తే తనకే తెలియాలి, అయినా తెలియలేదు. దేవుణ్ణి తలుచుకున్నాడు, పిలిచాడు, అరిచాడు, బతిమాలాడు. భయం అంగుళం కూడా కదల్లేదు. తలుపు మీద గుద్దీ గుద్దీ పిడికిలి వాచింది. అప్పుడు బయట మెట్ల మీద నుంచి ఒక ఆడమనిషి గొంతు వినిపించింది. ఆ భవనంలో మెట్లు ఊడ్చే ఆవిడ. అందరూ మెట్లక్క అనేవాళ్లు.

లోపల ఉన్నది మనిషా దెయ్యమా అని అడిగిందట. మనిషినేనని ఏడుస్తూ చెబితే, గొంతు చూస్తే నమ్మకం కుదరడం లేదు తమ్ముడూ అందట. ఈయన చచ్చిపోతున్నానన్నాడు. ఆవిడ అన్న మాట ఆయనకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"చచ్చేవాడికి అంత గొంతు ఎక్కడిది తమ్ముడూ? కాపలా ఆయన్ని నీ కంపెనీకి పంపించాను. ఆయన నడిచి వెళ్లి రావాలి. ఈలోగా నా మెట్లు నేను ఊడ్చుకోవాలి కదా. చీపురు చప్పుడు వింటూ ఉండు. అది సాగినంతసేపూ ఊపిరి వదులు."

భయపడకు అని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. రెండు గంటలపాటు ఏడో అంతస్తు మెట్లనే కిందికీ పైకీ ఊడ్చింది. మధ్యమధ్యలో, ఉన్నావా తమ్ముడూ, ఇంకా చావలేదా అని పరామర్శించింది. భయం వచ్చింది, పెరిగింది, తగ్గింది, మళ్లీ వచ్చింది, మళ్లీ తగ్గింది. చివరికి ఆయన నవ్వాడు కూడా. బయటికొస్తే నాకేమిస్తావని ఆవిడ అడిగితే, ఒక రోజు మెట్లన్నీ నేనే ఊడుస్తాను అక్కా, నువ్వు కుర్చీ వేసుకుని కూర్చో అన్నాడు.

బయటికొచ్చాక ఆవిడ ముఖం చూడలేకపోయాడు. లిఫ్టు మెకానిక్కు లిఫ్టులో ఏడ్చాడని తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అడిగిన మొదటి మనిషికి దేవుడి పేరు చెప్పేశాడు. చెప్పాక అదే కథ అయిపోయింది. ఆ భవనం పని వచ్చినప్పుడల్లా జ్వరమనో, మేనమామ పోయాడనో ఇంకొకర్ని పంపేవాడు. కంపెనీ లెక్కన ఆయనకు పదకొండు మంది మేనమామలు.

పిల్ల అంతా విని ఒకటే అడిగింది.

"మరి మెట్లు ఊడ్చావా?"

"లేదు."

"ముప్పై రెండేళ్లా తాతయ్యా?"

ఆయన చీపురు వైపు చూశాడు. చీపురు ఏం సాయం చేస్తుంది?

ఆ సాయంత్రం మాట తప్పించడానికే కావచ్చు, ఆయన పిల్లకు కోతిపట్టు గురించి చెప్పాడు. లిఫ్టు పెట్టె కింద ఇనుప దవడలుంటాయి. జోరు మీరితే అవి పక్కనున్న పట్టాలను కరిచి పట్టుకుంటాయి. తాళ్లన్నీ తెగినా పెట్టె పడదు. పనివాళ్లు దాన్ని కోతిపట్టు అంటారు. ఒక్కోసారి దానికి తొందరపాటెక్కువ, చిన్న కుదుపుకే పడుతుంది. పడిందంటే లిఫ్టు చెడిందని కాదు. కాపాడేది అతిగా కాపాడుతోందన్నమాట. దాన్ని విడిపించాలని కిందికి గుంజితే ఇంకా బిగుస్తుంది. పెట్టెను కాస్త పైకెత్తితే చాలు, దానంతట అదే వదులుతుంది.

"అంటే నేను చెడిపోలేదు. నా కోతి తొందరపాటుది" అంది పిల్ల.

"మీ అమ్మమ్మ పోలిక" అన్నాడు ఆయన. లోపలి నుంచి గిన్నె చప్పుడు కాస్త గట్టిగా వినిపించింది.

అప్పుడు ఒప్పందం జరిగింది. పిల్ల కాగితం మీద రాసింది. తను హాల్లోకి వెళ్లి పోటీలో తన మాట పూర్తిచేస్తే, తాతయ్య ఆ భవనం మెట్లన్నీ ఊడ్వాలి. గెలవాలన్న నియమం లేదు. భయం రాకూడదన్న నియమం ఇద్దరికీ లేదు. వస్తే రావచ్చు. ఇద్దరూ సంతకాలు పెట్టారు. మరమ్మతు కార్డు తీసేసి అదే మేకుకు ఈ కాగితం తగిలించారు.

టీచరమ్మ మంచిది. స్కూలు వదిలాక ఖాళీ హాలు తాళం తీయించింది. మొదటి రోజు గుమ్మం దాకా. రెండో రోజు చివరి వరుస కుర్చీ. మూడో రోజు గుమ్మంలోనే పట్టు పడింది. పిల్ల వెనక్కి తిరిగి గేటు దాకా పరుగెత్తింది. నాలుగో రోజు మళ్లీ గుమ్మం దగ్గర మొదలుపెట్టారు. ఆయన ప్రతిరోజూ ఇంటి నుంచి చీపురు తెచ్చుకుని హాలు ఊడ్చేవాడు. పిల్ల వెంట తిరుగుతూ ఊపిరి వదిలేది. స్కూలు అటెండరు మొదట అనుమానంగా చూశాడు, తర్వాత ఆ మూల కూడా కాస్త చూడండి సార్ అని చూపించడం నేర్చుకున్నాడు. వారం తిరిగేసరికి పిల్ల స్టేజీ మీద నిలబడి కుర్చీలతో వాదించింది. కుర్చీలు ఎదురు చెప్పలేదు. తర్వాత టీచరమ్మ తరగతి పిల్లల్ని ఐదుగురిని, పదిమందిని తెచ్చి కూర్చోబెట్టింది. చీపురు లేకుండా ఎలాగని తాతయ్య దిగులుపడితే, పిల్ల తనే ఉపాయం కనిపెట్టింది. చూపుడు వేలితో బల్ల అంచు మీద ఈ చివర నుంచి ఆ చివరకు నెమ్మదిగా గీసేది. చూసేవాళ్లకు దుమ్ము తుడుస్తున్నట్టుండేది.

అమ్మమ్మ కూడా ఊరుకోలేదు. ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పలేదు, తనే ఆలోచించుకుంది. పిల్ల ఐస్‌క్రీం తింటుంటే పక్కన కూర్చుని ప్రార్థన. పిల్ల తాతయ్యను ఆటలో ఓడిస్తే ప్రార్థన. కొత్త చెప్పులు వేసుకుంటే ప్రార్థన. నా సైరను ఇక నుంచి మంచి కబుర్లకే అని ప్రకటించింది. పదిహేను రోజులు గడిచేసరికి వంటింట్లో ఆ గొంతు లేస్తే పిల్ల పెన్సిలు ఆగడం లేదు. మహా అయితే, ఏంటి అమ్మమ్మా, ఐస్‌క్రీం తెచ్చావా అని కేక వేస్తోంది.

పోటీ రోజు రానే వచ్చింది. హాలు కిక్కిరిసింది. చర్చకిచ్చిన అంశం, పెద్దలు పిల్లలకు అన్ని నిజాలూ చెప్పాలా వద్దా అని. చెప్పాలన్న పక్షాన ఈ పిల్ల. అది తెలిసినప్పటి నుంచి తాతయ్యకు నిద్ర లేదు. లాయరు చేతిలో ఆయుధం తనే కదా. పిల్ల కన్నా ఆయనకే ఎక్కువ చెమటలు పట్టాయి. అమ్మమ్మ రుమాలు ఇచ్చి, మీ పట్టు కూడా పడిందా అని చెవిలో అడిగింది. ఆయన ఉలిక్కిపడ్డాడు. తన పట్టు సంగతి ఈవిడకెలా తెలుసు?

పిల్ల నాలుగో మనిషిగా స్టేజీ ఎక్కింది. మొదటి మాటలు బాగానే వచ్చాయి. అబద్ధం చెబితే పిల్లలు భయపడరని పెద్దలు అనుకుంటారు, కానీ పిల్లలు అప్పుడు ఒంటరిగా భయపడతారు అంది. తర్వాత మాట ఆగింది. తాతయ్యకు అక్కడి నుంచే తెలిసిపోయింది. పిల్ల మెడ దగ్గర నరం కొట్టుకుంటోంది, చెయ్యి బల్ల అంచు వెతుక్కుంటోంది. హాలంతా చూస్తోంది. కాలం చూసే మాస్టారు గడియారం వైపు, పిల్ల వైపు చూస్తున్నాడు. తాతయ్య లేవబోతే అమ్మమ్మ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

"నాకు భయం వేస్తోంది. కాసేపట్లో తగ్గుతుంది. తగ్గకపోయినా మాట్లాడతాను, ఒక్క నిమిషం ఆగండి" అంది పిల్ల మైకులో.

వేలు బల్ల మీద సాగింది. ఈ చివర నుంచి ఆ చివరకు. ఆగింది. మళ్లీ సాగింది. అంత పెద్ద హాల్లో తాతయ్య ఒక్కడికే చీపురు చప్పుడు వినిపించింది. నిమిషం అనుకున్నది నిమిషంన్నర అయింది. పిల్లకు భయం ఇంకా ఉంది. అది ఉండగానే రెండో కారణం మొదలుపెట్టింది, మూడోది చెప్పింది, నమస్కారం పెట్టి దిగింది. సమయం మీరినందుకు మార్కులు పోయాయి. బహుమతి పక్క స్కూలు అబ్బాయికి వెళ్లింది. పిల్ల దిగి వచ్చి, ఆ అబ్బాయి రెండో కారణంలో పస లేదని చెబుతూ బిస్కెట్ల పొట్లం విప్పింది. అమ్మమ్మ వెంటనే ప్రార్థన అందుకుంది, చుట్టూ ఎవరున్నారో చూసుకోకుండా.

తిరిగి వస్తూ బస్సులో తాతయ్య మెల్లగా అడిగాడు, నా సంగతి ఎందుకు చెప్పలేదని. చెబితే నువ్వు పారిపోతావు, శిక్ష ఎవరు అనుభవిస్తారు అంది పిల్ల.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన భార్య దగ్గర నోరు విప్పాడు. ముప్పై రెండేళ్ల కిందటి సంగతి, మెట్లక్క, మాట తప్పడం, అన్నీ. ఆవిడ దుప్పటి మడత ఆపకుండానే విన్నది.

"తెలుసండీ. ఆ ఏడాదంతా నిద్రలో 'ఊడుస్తానక్కా, ఊడుస్తాను' అని కలవరించేవారు. ఎవరా అక్క అని నేనే వెళ్లి కనుక్కున్నాను."

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"మీరు చెబుతారని చూశాను. త్వరగానే చెప్పారు."

వారం ప్రార్థనకు కూర్చున్నప్పుడు ఆయన కథను మొదటి నుంచి చివరిదాకా చెప్పాడు. ఈసారి మంచినీళ్లు అవసరం కాలేదు. అంతా అయ్యాక పెద్దాయన ఒకరు గడ్డం నిమురుకుంటూ, అయితే ఆ రోజు దేవుడు వచ్చినట్టా రానట్టా అని అడిగాడు.

"తెలియదండి. మెట్లక్క మాత్రం వచ్చింది" అన్నాడు ఆయన.

ఆయన అనుమానం తీరిందా అంటే తీరలేదు. కానీ చెప్పుకోగలిగాక అది మునుపటంత బరువుగా లేదు.

తర్వాతి సెలవు రోజున పొద్దున్నే తాతా మనవరాలూ చీపురు పట్టుకుని ఆ భవనానికి వెళ్లారు. మెట్లక్క ఇప్పుడు మెట్లు ఊడ్వదు. మోకాళ్లు సహకరించవు. ఊడ్చేవాళ్ల మీద పెద్దగా ఉంటోంది, కింద బల్ల దగ్గర కూర్చుని. జుట్టంతా నెరిసింది. గొంతు మాత్రం అదే. చీపురుతో నిలబడ్డ మనిషిని పైనుంచి కిందిదాకా చూసింది.

"దిగి రావడానికి ముప్పై రెండేళ్లు పట్టిందా తమ్ముడూ?"

ఆయన చేతులు జోడించబోయాడు, చేతిలో చీపురు అడ్డమొచ్చింది. పిల్ల ముందుకొచ్చి ఒప్పందం కాగితం చూపించింది. మెట్లక్క కళ్లజోడు పెట్టుకుని తీరిగ్గా చదివి, కుర్చీ సంగతి ఇందులో లేదేమిటి, అప్పుడు కుర్చీ కూడా అన్నావు కదా అంది. పిల్ల తాతయ్య వైపు తిరిగి, దాచిపెట్టిన సాక్ష్యం అంటూ అప్పటికప్పుడు కాగితం మీద రాసింది.

పన్నెండంతస్తులు, రెండు వందల నలభై మెట్లు. పైనుంచి మొదలుపెట్టాడు. పదో అంతస్తుకు నడుము పట్టేసింది. తొమ్మిదో అంతస్తులో చొక్కా తడిసి ముద్దయింది. పిల్ల వెనకాల ఒక్కో మెట్టే దిగుతూ లెక్క పెట్టింది. నువ్వు సాగదీసేది సరిపోవడం లేదు, ఊపిరి చాలడం లేదు అని తప్పులు పట్టింది.

ఏడో అంతస్తు దగ్గరికి వచ్చేసరికి లిఫ్టు తలుపు తెరుచుకుంది. మెట్లక్క కుర్చీతో సహా దిగింది. మలుపులో కుర్చీ వేయించుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆయన ఆ వరుసను మిగతావాటి కన్నా నెమ్మదిగా ఊడ్చాడు, ఈ చివర నుంచి ఆ చివరకు. ఆవిడ కళ్లు మూసుకుని వింది. ఆ వరుస అయిపోయిందనుకుని ఆయన నడుము నిలబెట్టి చెమట తుడుచుకున్నాడు.

మెట్లక్క కళ్లు తెరిచి, వేలు చాపి రెండు మెట్ల పైన గోడవార చూపించింది.

"ఆ మూల మిగిలింది తమ్ముడూ."

ఆయన మళ్లీ రెండు మెట్లెక్కాడు.